గోల క్లెమ్

క్లెమ్ డగ్గన్‌కి స్వరపేటిక తీసేస్తారని తెలిసిన రోజున మా వేటకుక్కల క్లబ్బులో సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. మిగతా సగం మంది, హమ్మయ్య, ఇకనైనా మా చెవులు బతికాయి అనుకున్నారు. నేను రెండూ చేశాను. దాచుకోవడానికి ఏముంది, ఆపరేషన్ అయ్యాక ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అతనికే చెప్పాను ఆ మాట. మెడ చుట్టూ కట్టు, ముక్కులో గొట్టం, అయినా భుజాలు కదిలిపోయేలా నవ్వాడు. చప్పుడు మాత్రం రాలేదు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

ఆస్ట్రేలియాలో మా విమ్మెరా గోధుమ ఊళ్ళలో అతన్ని అందరూ గోల క్లెమ్ అనేవాళ్ళు. కోతల రోజుల్లో ధాన్యం లారీ తోలేవాడు, మిగతా ఏడాదంతా కుక్కలతోనే బతికేవాడు. వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య రెండు చేలు అడ్డం. పొద్దున్నే నేను టీకి కెటిల్ పెట్టేసరికి అటునుంచి కేక వినపడేది: "ఇటు రావే, ఇటు, ఇటు, నీ దుంప తెగ, ఇటు." ఆ వెనకే విజిల్. మా ఆయన బతికున్నన్నాళ్ళూ, "క్లెమ్ లేచాడు, ఇక మనకి గడియారం దేనికి" అనేవాడు.

అసలు మా ఆటకి గోల పనికిరాదు. చలి మొదలయ్యే రోజుల్లో, కోసేసిన గోధుమ మోళ్ళ మధ్య కౌజు పిట్టలు దాక్కుంటాయి. గాలికి ఎదురుగా రెండు కుక్కల్ని ఒకేసారి వదులుతాం. ఒక్కో కుక్క వెనక దాని మనిషి నడుస్తాడు. కుక్క వాసన పట్టి, పిట్ట ఉన్న వైపు ముక్కు చాచి, కదలకుండా నిలబడిపోవాలి. ముట్టకూడదు, తరమకూడదు. రెండో కుక్క ఆ నిలబడ్డదాన్ని చూసి, తనకి వాసన తగలకపోయినా సరే, మర్యాదగా వెనకే ఆగిపోవాలి. గెలిచిన కుక్క తర్వాతి జతలోకి వెళ్తుంది, ఓడింది బండెక్కుతుంది. మనిషి ఎంత తక్కువ నోరు చేస్తే జడ్జి కంట్లో అంత గొప్ప. క్లెమ్ తెచ్చే కుక్కలన్నీ బంగారం, పక్కనున్న మనిషే మైకు మింగినవాడు.

డ్యూక్ సంగతి మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. చాలా ఏళ్ళ కిందట క్లెమ్ దగ్గరున్న తెల్ల పాయింటర్ జాతి కుక్క అది. అలాంటి ముక్కున్న కుక్కని నేను మళ్ళీ చూడలేదు. ఫైనల్లో అది మిట్ట దాటి కనుమరుగైంది. క్లెమ్‌కి ప్రాణం ఆగలేదు. విజిల్ ఊదాడు, పేరు పెట్టి అరిచాడు, మళ్ళీ ఊదాడు. చెప్పిన మాట వినే కుక్క, పాపం, తిరిగొచ్చింది. మేమంతా మిట్ట ఎక్కేసరికి అవతలి పల్లంలోంచి పిట్టలు గుంపుగా లేచి పక్క పొలంలోకి ఎగిరిపోయాయి. అంటే, పిట్టల ముందు నిలబడ్డ కుక్కని అతనే చేజేతులా వెనక్కి పిలుచుకున్నాడన్నమాట. కప్పు రాయిస్ హాడో పట్టుకుపోయాడు. పోతూ పోతూ క్లెమ్ భుజం మీద చెయ్యేసి, "మరీ గోల చేస్తావురా క్లెమ్" అన్నాడు.

ఆ మాట మా క్లబ్బులో నిలిచిపోయింది. ఎవరింట్లో పసిపిల్ల గుక్కపెట్టినా, ఎవరి ట్రాక్టరు మొరాయించి దగ్గినా, "మరీ గోల చేస్తావురా క్లెమ్" అనడం మాకు అలవాటైపోయింది. క్లెమ్ కూడా అందరితోపాటు నవ్వేవాడు. కప్పు మాత్రం అతని చేతికి ఎప్పుడూ రాలేదు.

రాయిస్ గురించి కూడా చెప్పాలి. ఊరి చివర కుక్కల షెడ్లు కట్టుకుని, చుట్టుపక్కల ఊళ్ళ కుక్కలన్నిటికీ పని నేర్పే మనిషి. మోళ్ళ చేలోకి కూడా ఇస్త్రీ చొక్కాతో వస్తాడు. నాకు అతనంటే కాస్త ఒళ్ళుమంట, ఎందుకంటే ఎప్పుడు చూసినా గెలుస్తాడు. కానీ చెడ్డవాడు కాదు. క్లెమ్ ఆస్పత్రిలో పడ్డప్పుడు ఎవరూ అడగకముందే వచ్చి, క్లెమ్ కుక్క టాన్సీని తన షెడ్డుకి తీసుకెళ్ళి సాకింది అతనే.

టాన్సీ సెట్టర్ జాతి ఆడకుక్క. తెల్ల ఒంటిమీద నారింజ చుక్కలు, సిల్కులాంటి తోక. అప్పటికి దానికి పిల్లతనం ఇంకా వదల్లేదు. వదిలితే చాలు, చేను ఈ కొస నుంచి ఆ కొసకి ఒకటే పరుగు. క్లెమ్‌కి అది పంచప్రాణాలు. ఆపరేషన్‌కి వెళ్ళే రోజు పొద్దున్న దాని తలని రెండు చేతుల్లో పట్టుకుని, చెవి దగ్గర ఏదో చెప్పాడు. అతను గొంతుతో మాట్లాడిన ఆఖరి మాటలు భార్యకి కాకుండా కుక్కకి చెప్పాడని మావిస్ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది.

ఎండలు ముదిరాక క్లెమ్ ఇంటికొచ్చాడు. మెడ కింద ఓ కన్నం, దానిమీద చిన్న గుడ్డ. ఊపిరి తీసేది అక్కడినుంచే. గాలి ముక్కులోకి పోదు కాబట్టి వాసనలు కూడా తెలియవు. మావిస్ పొయ్యి మీద రొట్టె మాడ్చేస్తే, పక్కనే కూర్చున్నవాడికి పొగ కనపడేదాకా తెలియలేదు. వాసన లేకుండా ఎలారా అని నేనంటే, టాన్సీ ఎప్పుడూ పడుకునే ఖాళీ చోటుని వేలితో చూపించి, తన ముక్కు తట్టుకుని, ఇచ్చేశానన్నట్టు చెయ్యి విసిరాడు. నా ముక్కు టాన్సీకి ఇచ్చేశాను అంటున్నాడని మావిస్ చెప్పింది. అప్పటికే ఆమెకి అతని పెదాలు చదవడం వచ్చేసింది.

ఆస్పత్రివాళ్ళు ఒక యంత్రం ఇచ్చి పంపారు. మెడకి ఆనించి నొక్కి, పెదాలు కదిపితే, మాట బుర్రుమంటూ బయటికొస్తుంది. గడ్డం గీసే మిషన్ మాట్లాడినట్టు ఉంటుంది. టాన్సీని రాయిస్ తీసుకొచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. క్లెమ్ వాకిట్లో మోకాళ్ళ మీద కూర్చుని, ఆ యంత్రాన్ని మెడకి ఆనించి, "టాన్సీ" అన్నాడు. కుక్క చెవులు వెనక్కి మడిచింది. పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. అలాగే వెనక్కి నడిచి రాయిస్ బండి కిందికి దూరిపోయింది.

రాయిస్ తన విజిల్‌ని చిన్నగా రెండుసార్లు ఊదాడు. టాన్సీ బండి కిందినుంచి వచ్చి అతని కాళ్ళ దగ్గర కుదురుగా కూర్చుంది. అతని తప్పేం లేదు, అన్ని నెలలూ దానికి పని నేర్పింది ఆ విజిల్‌తోనే. క్లెమ్ లేచి, ఎవరి మొహం చూడకుండా లోపలికి వెళ్ళాడు. వంటింట్లో సొరుగు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినపడ్డాయి. చెంచాల సొరుగులో పడేశాడు ఆ యంత్రాన్ని. ఇక దాన్ని ముట్టుకోలేదు.

కొన్నాళ్ళకి రాయిస్ వాళ్ళ వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. నేను టీలోకి స్కోన్లు, అదే చిన్న రొట్టెలు, పట్టుకెళ్ళాను, కాబట్టి అన్నీ విన్నాను.

"ఒరేయ్, నేను చెప్పేది పూర్తిగా విను, తర్వాత నన్ను తిట్టుకో," అన్నాడు రాయిస్. "నువ్వు కేకెయ్యలేవు. విజిల్ ఊదలేవు, నోట్లో గాలే లేదు కదా. టాన్సీ చూస్తే కంటికి ఆనకుండా పరిగెత్తే రకం. దాన్ని నాకిచ్చెయ్. గొప్ప కుక్కని చేస్తాను. యజమానిగా పేరు నీదే వేద్దాం."

"తిట్టుకోవడానికి అతనికి నోరేది రాయిస్," అన్నాను నేను. "ఆ పని నేను చేసిపెట్టనా? మనిషి ఇంకా మంచం దిగి పట్టుమని..."

"నోరా, నువ్వాగు. కుక్క బతుకు ఎన్నాళ్ళు? అంత మంచిదాన్ని వరండాలో కట్టేసి పాడుచేద్దామా, చెప్పు."

అతనన్నది నిజమే. అదే నాకు ఇంకా మంట. మావిస్ వైపు చూశాను, ఆమె తల దించుకుని ఒడిలో తువ్వాలు మడతపెడుతోంది. "నాకూ ఇచ్చేయడమే మంచిదనిపిస్తోంది క్లెమ్," అంది మెల్లగా. "ఆ మోళ్ళల్లో ఎంత దుమ్ము. ఒక గడ్డిపరక ఆ కన్నంలోకి పోతే నేనేం చెయ్యను?"

క్లెమ్ టాన్సీ వైపు చూశాడు. అది రాయిస్ బూట్ల పక్కన పడుకుని ఉంది. తర్వాత పెదాలు కదిపాడు. మావిస్ చదివి చెప్పింది: "మే నెల ట్రయల్ పోటీ దాకా ఆగమంటున్నాడు."

"సరే," అన్నాడు రాయిస్. "ట్రయల్లో అది నీ చేతిలో ఉంటే, జన్మలో మళ్ళీ అడగను. నా విజిల్‌కి నా దగ్గరికొచ్చేసినా, నీ అదుపు తప్పి పోయినా, ఆ సాయంత్రమే నా బండెక్కాలి. ఇష్టమేనా?"

క్లెమ్ చెయ్యి చాపాడు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. నాకు మాత్రం స్కోన్లు తిరిగి పట్టుకుపోదామనిపించింది.

ఆ వేసవంతా తెల్లవారుజామున, పాములు ఎండకి రాకముందు, ఇద్దరూ చేలో కనపడేవాళ్ళు. కనపడేవాళ్ళు అంతే, వినపడేవాళ్ళు కాదు. కెటిల్ పెట్టి కిటికీ దగ్గర నిలబడితే ఆ నిశ్శబ్దం నాకేం బాగుండేది కాదు. అన్నేళ్ళు విసుక్కున్న కేక కోసం చెవి రిక్కించుకుని ఉండేదాన్ని. అదేం పిచ్చో.

క్లెమ్ చేసేది చూస్తే మొదట మతిపోయిందేమో అనుకున్నాను. టాన్సీ దూరం పరిగెత్తగానే అతను వీపు తిప్పి రెండోవైపు నడిచి వెళ్ళిపోయేవాడు. లేదంటే ఎండిన కాలవలోకి దిగి కూర్చునేవాడు. గడ్డి మోపుల వెనక నక్కేవాడు. కుక్క తల ఎత్తి చూస్తే మనిషి లేడు. పాపం, గాభరాపడి చేనంతా వెతికేది. దొరికాక ఒళ్ళంతా ఊపుకుంటూ మీదపడేది. అతను నవ్వి, జేబులోంచి జున్నుముక్క తీసి పెట్టేవాడు. మళ్ళీ వదిలేవాడు, మళ్ళీ మాయమయ్యేవాడు.

"ఆ జీవాన్ని ఏడిపిస్తున్నావు, నీకు పాపం తగుల్తుంది," అని కంచె మీదినుంచి అరిచాను ఒకరోజు. అతను రెండు వేళ్ళతో ముందు తన కళ్ళు చూపించాడు, తర్వాత కుక్కని, తర్వాత మళ్ళీ తనని. నాకు అప్పుడు వెలిగింది. ఇన్నాళ్ళూ అతను కుక్కని కనిపెట్టుకుని అరిచేవాడు. ఇప్పుడు కుక్కే అతన్ని కనిపెట్టుకుని ఉండాలి. వానలు పడేనాటికి టాన్సీ ఎంత జోరులో ఉన్నా ఓరకంట వెనక్కి చూడటం మొదలుపెట్టింది. అతను భుజం అటు తిప్పితే అటు, ఇటు తిప్పితే ఇటు. నాకు తెలియకుండానే రోజూ రెండో కప్పు టీ కిటికీ దగ్గరే తాగేదాన్ని.

మే నెల వచ్చింది, మా దగ్గర అది చలి మొదలయ్యే నెల. ట్రయల్ మొదటి రోజు పొద్దున అందరి బండ్లూ మోళ్ళ చేను గట్టున నిలిచాయి. పొగమంచు, పొయ్యి మీద సాసేజీలు, ఫ్లాస్కుల్లో టీ. ఒక చిక్కు ముందే తేల్చుకోవాల్సి వచ్చింది. కుక్క నిలబడగానే దాని మనిషి "పాయింట్" అని కేకెయ్యాలి, లేకపోతే రెండో మనిషి తన కుక్కని సర్దుకోవడం కష్టం. జడ్జి ఐల్సా ప్రయర్ టాస్మేనియా నుంచి వచ్చిన పెద్దావిడ, ముక్తసరి మనిషి. క్లెమ్ మెడ వైపు ఓసారి చూసి, "టోపీ పైకెత్తండి, నా కళ్ళు బాగానే పనిచేస్తాయి" అంది. అక్కడితో ఆ గొడవ తీరింది.

అసలు గొడవ ఆ వెనకే వచ్చింది. పోటీకి ముందు కుక్కల్ని కాస్త తిప్పుతున్నాం. రాయిస్ తన కుక్క ఆర్గస్ కోసం విజిల్ రెండుసార్లు ఊదాడు. ఆర్గస్ కంటే ముందు టాన్సీ పరిగెత్తుకెళ్ళి, అందరి కళ్ళముందూ, రాయిస్ కాళ్ళ దగ్గర కూర్చుంది.

సాసేజీలు తిప్పేవాడు కూడా ఆగిపోయాడు. రాయిస్ మొహం ఎర్రబడింది. "దాన్ని పిలవలేదురా నేను," అన్నాడు. అది నిజమే. క్లెమ్ వచ్చి, టాన్సీ మెడపట్టీ పట్టుకుని, ఒక్క అక్షరం అనకుండా, అంటే పెదాలైనా కదపకుండా, తీసుకెళ్ళిపోయాడు. మావిస్ నా పక్కకొచ్చి, "ఇంకా మొదలవకుండానే ఓడిపోయాడు నోరా," అంది. నాకు తల కొట్టేసినట్టయింది, కుక్క నాదన్నట్టే.

"ఇది లెక్కలోకి రాదు," అన్నాను రాయిస్‌తో. "ట్రయల్ మొదలవలేదు ఇంకా. ఏమంటావ్?"

"రాదులే," అన్నాడు. "నేనేమన్నా అన్నానా? ఎందుకు నామీద ఒంటికాలి మీద లేస్తావ్?"

ఆ రోజు టాన్సీ మంచి జోరు మీద ఉంది. మొదటి జతలో గెలిచింది. రెండో జతలో నా ఎర్ర సెట్టర్ బ్రైడీతో తలపడి గెలిచింది. నా కుక్క పిట్టని తరుముకుంటూ దాదాపు పక్క జిల్లాకి వెళ్ళింది, ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం. మిగతా జతలన్నీ అయ్యాక, మర్నాటి ఫైనల్‌కి మిగిలినవి రెండు: రాయిస్ కుక్క ఆర్గస్, క్లెమ్ కుక్క టాన్సీ. అంటే ఆ విజిల్ పక్కనే, అంతసేపూ. ఊదొద్దని ఎవరూ అనలేరు. అతని కుక్కకి అతను ఊదుకోవడం అతని హక్కు.

మర్నాడు గాలి పడమటి నుంచి నిలకడగా వీస్తోంది. ఇద్దరు మనుషులూ పక్కపక్కన నడిచారు, మధ్యలో జడ్జి, వెనక పిట్టలు లేచినప్పుడు పేల్చడానికి తుపాకీ పట్టుకున్నాయన, ఆ వెనక కాస్త దూరంలో మేం. క్లెమ్ మెడకి మావిస్ కుట్టిన నీలం గుడ్డ. ఆర్గస్ నేర్పరి కుక్క. వెళ్ళగానే ఒక పిట్టల జతని కనిపెట్టి నిలబడింది, కాసేపటికి ఇంకోదాన్ని. రాయిస్ ఊదినప్పుడల్లా టాన్సీ అడుగు తడబడటం నాకు స్పష్టంగా కనపడింది. తల తిప్పి రాయిస్‌ని చూసేది, క్లెమ్‌ని చూసేది. అలాంటప్పుడు క్లెమ్ ఏంచేశాడనుకున్నారు? వీపు తిప్పి రెండోవైపు నడిచేవాడు. మొదటిసారి టాన్సీ సగం దూరం రాయిస్ వైపు వెళ్ళి ఆగింది. మావిస్ కళ్ళు మూసుకుంది. నేను మూసుకోలేదు కాబట్టి చూశాను: అది గిర్రున తిరిగి క్లెమ్ ముందుకి దూసుకుపోయింది.

కానీ ఇంతవరకూ దానికి ఒక్క పిట్టా దొరకలేదు. మాటిమాటికీ మరీ దూరం పోతోంది కూడా. టైము అయిపోవస్తుండగా రెండు కుక్కలూ ఎదురుగా ఉన్న మిట్ట ఎక్కి అవతలికి దిగిపోయాయి.

మేం ఎదురుచూశాం. మిట్ట మీద ఏమీ కదలలేదు. రాయిస్ జేబులోంచి చెయ్యి తీసి విజిల్ గట్టిగా, పొడుగ్గా ఊదాడు. అది వెనక్కి రమ్మనే పిలుపు. మళ్ళీ ఊదాడు. మిట్ట మీద ఒక తల కనపడింది. ఆర్గస్. ఒక్కటే వచ్చింది.

"మిస్టర్ డగ్గన్, మీ కుక్క?" అంది జడ్జి.

క్లెమ్ మిట్ట వైపు చెయ్యి చూపించాడు.

"అది పోయింది జడ్జిగారూ," అన్నాడు రాయిస్. గొంతులో ఎకసెక్కం లేదు, నిజంగానే బాధపడుతున్నాడు. "పక్కవాళ్ళ పొలంలో ఎక్కడుందో. నా విజిల్ వినపడేంత దూరంలో ఉంటే ఈపాటికి నా కాళ్ళ దగ్గరుండేది. నిన్న అందరూ చూశారుగా." తర్వాత క్లెమ్ వైపు తిరిగి, "ఇక చాల్లేరా. వెళ్ళి వెతుకుదాం పద. రోడ్డు మీద లారీలున్నాయి," అన్నాడు.

లారీల మాట నాకు తట్టనేలేదు. కానీ క్లెమ్ మొహం చూస్తే మెల్లగా వెలుగుతోంది. అందరికీ అర్థమయ్యేలా పెదాలు నిదానంగా కదిపాడు. నేనే చదివేశాను, మావిస్ అక్కర్లేకుండా.

"నీ విజిల్‌కి రాలేదు కదా అంటున్నాడు," అన్నాను. "రాలేదంటే పిట్టల ముందు నిలబడి ఉందంట."

"లేదా చచ్చిపోయి ఉందేమో?" అన్నాడు రాయిస్.

క్లెమ్ వినిపించుకోలేదు. మిట్ట వైపు నడక మొదలుపెట్టాడు. పరిగెత్తలేడు, నీలం గుడ్డ కింద ఊపిరి బుస్సుబుస్సుమంటోంది. రెండు అడుగులకోసారి ఆగుతున్నాడు. గొంతే ఉంటే ఈ మనిషి ఈపాటికి పేరు పెట్టి ఆకాశం బద్దలయ్యేలా అరిచి ఉండేవాడు, టాన్సీ వచ్చేసేది, డ్యూక్ వచ్చినట్టే. జడ్జి చేతి గడియారం చూసుకుని, చెయ్యి కిందికి దించేసి, ఏమీ అనకుండా అతని వెనకే నడిచింది. ఆవిడ మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

మిట్ట ఎక్కి చూస్తే అవతల ఉత్త మోళ్ళు. కంచెదాకా ఏమీ లేదు. మావిస్ నా మణికట్టు పట్టుకుంది, గోళ్ళు దిగాయి. రాయిస్ కూడా టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, ఎవరో పోయినట్టు.

అప్పుడు క్లెమ్ తన టోపీ పైకెత్తాడు.

అతను చూస్తున్న వైపు చూశాను. కంచె మూలన, ఎండిన పొడుగు గడ్డిలో, ఒక తెల్ల తోక. దాని కింద టాన్సీ. ముందుకాలు ఒకటి ఎత్తి, మెడ చాచి, ఎంతసేపటినుంచి అలా ఉందో గాని కాళ్ళు వణుకుతున్నాయి. ఆ పొడుగు విజిల్ రెండుసార్లూ విన్నది. విని, కదల్లేదు. రాయిస్ పక్కనుంచి ఆర్గస్ ముందుకి పరిగెత్తి, టాన్సీని చూసి, దూరంలోనే చక్కగా ఆగిపోయింది. రాయిస్ విజిల్ నోటిదాకా తీసుకెళ్ళి, ఊదకుండా వదిలేశాడు.

క్లెమ్ తన నిదానపు నడకతో కంచె దాకా వెళ్ళాడు. దారిలో ఊపిరి కోసం మళ్ళీ ఆగాడు. టాన్సీ కళ్ళు మాత్రమే తిప్పి అతన్ని చూసింది. అతను దాని ముందుకెళ్ళి గడ్డిలో కాలు పెట్టగానే పిట్టలు బుర్రున లేచాయి, ఒకటి కాదు, ఓ గుంపు. తుపాకీ పేలింది. టాన్సీ ఉన్నచోటే ఉంది. అప్పుడు క్లెమ్ మోకాళ్ళ మీద కూలబడి, దాని మెడలో మొహం దాచుకున్నాడు. దుమ్ము, గడ్డి, కన్నం, అన్నీ మర్చిపోయి మావిస్ నిలబడి ఏడుస్తోంది. నేనూ అంతే. ముక్కు తుడుచుకోవడానికి రుమాలు కూడా లేదు నాకు.

మధ్యాహ్నం బండ్ల దగ్గర అందరం గుమిగూడాం. జడ్జి చుట్టూ తిప్పి చెప్పే రకం కాదు. "కప్పు ఆర్గస్‌కి," అంది. "ఎక్కువ పిట్టల్ని కనిపెట్టింది, నేలంతా పద్ధతిగా వెతికింది. టాన్సీ చాలాసార్లు మరీ దూరం పోయింది. కానీ ఆ కంచె మూల నిలబడటం నేను ఇంటికెళ్ళాక కూడా చెప్పుకుంటాను." కప్పు ఇస్తూ రాయిస్‌ని ఆపింది. "మీ కుక్క మంచిది మిస్టర్ హాడో. మీ విజిలే ఎక్కువైంది."

రాయిస్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. కప్పు చంకలో పెట్టుకుని నేరుగా క్లెమ్ దగ్గరికెళ్ళాడు. బండిలోంచి తెచ్చిన కొత్త తోలు తాడు అతని చేతిలో ఉంది. టాన్సీని తీసుకెళ్ళడానికి కొన్నాడని మా అందరికీ తెలుసు. దాన్ని క్లెమ్ చేతిలో పెట్టి, "మాటంటే మాటే. జన్మలో అడగను," అన్నాడు. "అంత గట్టిగా ఊదాను కదరా. కదలకపోవడమేంట్రా అది?"

క్లెమ్ తాడు తీసుకున్నాడు. తర్వాత కోటు జేబులో చెయ్యి పెట్టాడు. మావిస్ నోరు తెరుచుకుంది, ఎందుకంటే పొద్దున్న చెంచాల సొరుగు ఆమెకంటే ముందు ఎవరో తెరిచారని ఆమెకి తెలియదు. అతను ఆ యంత్రాన్ని మెడకి ఆనించాడు. ఇంతమందిలో, అన్ని నెలల తర్వాత, మొదటిసారి.

"మరీ," అంది బుర్రుమంటూ ఆ గొంతు. ఊపిరి తీసుకున్నాడు. "మరీ గోల చేస్తావురా రాయిస్."

ఒక్క క్షణం ఎవరికీ నవ్వాలో ఏంచెయ్యాలో తెలియలేదు. ముందు రాయిసే నవ్వాడు. కప్పు కింద పెట్టి, బండి బానెట్ పట్టుకుని, ఇస్త్రీ చొక్కా నలిగిపోయేలా నవ్వాడు. తర్వాత అందరం మొదలుపెట్టాం. మావిస్ దగ్గర కూడా రుమాలు లేదు కాబట్టి నా కోటు చేతితో కళ్ళు తుడుచుకుంది.

నేను మాత్రం నవ్వుతూనే కిందికి చూశాను. ఆ బుర్రుమనే చప్పుడుకి టాన్సీ తల ఎత్తింది. చెవులు నిక్కబొడిచి క్లెమ్ మెడ వైపే కాసేపు చూసింది. అది గుర్రుమనలేదు. ఆవులించి, గడ్డం మళ్ళీ అతని బూటు మీద పెట్టుకుని పడుకుంది.